బీచ్ రోడ్డు సైకిల్‌ని ప్రెజర్ గన్‌తో కడిగించకండి

"బీచ్‌కి తిరిగే సైకిల్‌ని వారానికోసారి వాటర్ సర్వీసింగ్‌లో ప్రెజర్ గన్‌తో కడిగించండి, చైన్‌కి కొబ్బరినూనె రాయండి, మెరుపు కోసం సైకిలంతా డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టండి, అల్యూమినియం ఫ్రేమ్ అయితే తుప్పు భయమే లేదు." ఈ మెసేజ్ మా కాలనీ గ్రూపుతో మొదలుపెట్టి మూడు గ్రూపుల్లో తిరుగుతోంది. పంపినవాళ్లు మంచి కోరే పంపారు, కానీ వైజాగ్‌లో ఇది పాటిస్తే సైకిల్ పాడవుతుంది.

ముందు ప్రెజర్ గన్. చక్రాల మధ్యలో ఉండే హబ్‌లు, పెడల్ ఇరుసు, హ్యాండిల్ కింది కప్పులు, వీటన్నిట్లో గ్రీజు మధ్య బాల్స్ తిరుగుతుంటాయి. వాటికుండే సీళ్లు వాననీ దుమ్మునీ ఆపుతాయి గానీ గన్‌లోంచి దూసుకొచ్చే నీళ్లని ఆపలేవు, లోపలికెళ్లిన నీళ్లు అంత తేలిగ్గా బయటికి రావు. వెనక చక్రం గరగరమంటోందని మొన్న మా మేనల్లుడి సైకిల్ విప్పాం. గ్రీజు పాలు కలిపిన టీ రంగులోకి తిరిగిపోయింది, బాల్స్‌ని గుడ్డతో తుడిచి వెలుతురులో పెడితే ఒక్కోదాని మీద సూదితో పొడిచినట్టు గుంటలు. "మావయ్యా, పైనంతా తళతళలాడుతోంది కదా, లోపలిలా ఉందేంటి" అన్నాడు వాడు. ప్రతి ఆదివారం కడిగించాడు మరి. బకెట్ నీళ్లు, మగ్గు, కాస్త షాంపూ, పాత బనీను గుడ్డ ఉంటే ఇంట్లోనే పావుగంటలో అయిపోతుంది. నీళ్లు పైనుంచి మెల్లగా పోయాలి, హబ్ వైపు పక్కనుంచి కొట్టకూడదు, చివర్లో పొడిగుడ్డతో తుడిచి ఎండ తగిలేచోట కాసేపు ఉంచాలి.

అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదన్నది నిజమే. అయితే ఉప్పు దాన్నీ తింటుంది, రంగు లేచినచోట తెల్లటి పొడిలా కనిపించేది అదే. పైగా చైన్, బోల్టులు, బ్రేక్ కేబుళ్లు, చాలా సైకిళ్లకి చువ్వలు కూడా స్టీలువే కదా! గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు లాక్కుని చెమ్మగా మారుతుంది, మన ఊళ్లో అంత తేమ మామూలే. అందుకే సముద్రం వైపు బాల్కనీలో కదలకుండా పెట్టిన సైకిల్‌కి కూడా తుప్పు పడుతుంది. రుషికొండ దాకా వెళ్లొచ్చిన రోజు ఒట్టి పొడిగుడ్డ సరిపోదు, మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ముందు తుడిస్తేనే ఉప్పు కరిగి పోతుంది. సీటు రాడ్డుకి ఏడాదికోసారైనా గ్రీజు రాయండి (కార్బన్ ఫ్రేమ్‌కి మాత్రం వద్దు), లేకపోతే రెండు లోహాల మధ్య ఉప్పుతేమ చేరి ఫ్రేమ్‌లోనే బిగుసుకుపోతుంది.

కొబ్బరినూనె విషయానికొస్తే, అది చైన్ కోసం చేసిన నూనె కాదు, ఆ జిడ్డుకి బీచ్ ఇసుక అంటుకుని గరుకు కాగితంలా పళ్లని అరగదీస్తుంది. జనవరిలో పొద్దున్నే సీసాలో పేరుకుపోయే నూనె చైన్ లోపల మాత్రం పారుతుందా? చైన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమెషిన్ నూనె వెయ్యి రెట్లు నయం, కాకపోతే పల్చన కాబట్టి తరచుగా వెయ్యాలి. ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పది నిమిషాలాగి, పైన మిగిలిందంతా తుడిచెయ్యండి. నూనె పని లోపలే, పైన ఉంటే దుమ్ముకి తప్ప దేనికీ పనికిరాదు. స్కేలు పెట్టి 24 లింకులు కొలవండి, కొత్త చైన్ సరిగ్గా 12 అంగుళాలుంటుంది. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు దాకా ఆగితే చాలావరకు పళ్లచక్రాలు కూడా మార్చాల్సొస్తుంది.

ఇక డబ్ల్యూడీ-40. పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తోసేసేది అని అర్థం. తడి పోగొట్టడానికి, బిగుసుకున్న బోల్టు వదులు చెయ్యడానికి బాగుంటుంది, చైన్‌కి నూనెలా ఎక్కువకాలం నిలవదు. దాన్ని "సైకిలంతా" కొట్టమనడమే నాకు అన్నిటికన్నా భయం వేసిన మాట. ఆ తుంపర బ్రేక్ డిస్క్ మీదో రిమ్ము మీదో పడితే బ్రేక్ పట్టదు. ఇప్పటికే కొట్టేసి ఉంటే డిస్క్‌ని స్పిరిట్‌తో తుడవండి, ప్యాడ్లు నూనె పీల్చుంటే మార్చెయ్యండి, ఇంటి ముందు గట్టిగా బ్రేక్ పట్టి చూసుకునేదాకా కైలాసగిరి ఎక్కకండి.