టామ్ విల్స్ రాయని మాట

ఆస్ట్రేలియాలో ‘ఫుటీ’ అని పిలుచుకునే ఆట పుట్టింది మెల్‌బోర్న్ నగరంలో. తొలి క్లబ్ పేరూ మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బే. 1858లో మొలకెత్తి, 1859 మే నెలలో నియమాలు రాసుకుంది. ఆ ఆటకి మూలం ఇంగ్లండ్ బడుల్లోని ఫుట్‌బాలేనా, ఆదివాసుల మార్న్‌గ్రూక్ ఆట కూడానా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. ఆ తగువునే ఇక్కడ ఓ మావయ్య, మేనకోడలి నోట వినిపిస్తున్నాను. మావయ్య చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వసుధ మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తూ ఫుటీ మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల. ఇద్దరూ ఎంసీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) బయటి పార్కులో, ఆ తొలి క్లబ్బుకీ నియమాలకీ ఆద్యుల్లో ఒకడైన క్రికెటర్ టామ్ విల్స్ విగ్రహం ముందు నిలబడి ఉన్నారు.

వసుధ: ఇద్దరు కుర్రాళ్ళు బంతి కోసం పెనుగులాడుతుంటే పక్కన నిలబడి చూస్తున్నాడే, ఆయనే మావయ్యా టామ్ విల్స్. 1858 ఆగస్టు 7న స్కాచ్ కాలేజీకీ మెల్‌బోర్న్ గ్రామర్ స్కూలుకీ ఈ పార్కులోనే ఆట జరిగింది. జట్టుకి నలభై మంది. రెండు గోల్‌ల మధ్య అర మైలు దూరం. ఆగస్టు 21న, సెప్టెంబరు 4న మళ్ళీ ఆడినా చెరో గోల్ దగ్గరే ఆగిపోయారు. ఇద్దరు అంపైర్లలో ఈయనొకరు. రెండో ఆయన డాక్టర్ మెకాడమ్. మెకడేమియా గింజలకి ఆ పేరు ఆయన మీదుగానే వచ్చింది.

మావయ్య: బాగుంది. మరి ఈ ఆటలో ఆదివాసుల పాలుందని ఏ ధైర్యంతో అంటున్నావు?

వసుధ: ఈయన పెరిగిన చోటు చూసి. 1840లో వాళ్ళ నాన్న హొరేషియో గొర్రెల మందల్ని తోలుకుని గ్రాంపియన్స్ కొండల వైపు వెళ్ళాడు. అది జాబ్ వురుంగ్ జనం నేల. టామ్‌కి అప్పటికి సుమారు ఐదేళ్ళు. ఆడుకోవడానికి దొరికింది ఆ జనం పిల్లలే. వాళ్ళ భాష వచ్చేసింది, పాటలు వచ్చేశాయి. ఆటలు మాత్రం రాలేదంటారా?

మావయ్య: వచ్చే ఉండొచ్చు. కానీ ఆయన ఉత్తరాలు రాశాడు, పత్రికలకి రాశాడు. ఎక్కడా ఆ ఆట ఊసు ఎత్తలేదు. వెతికినవాళ్ళెవరికీ ఒక్క వాక్యం దొరకలేదు. క్లబ్ మాటకొస్తే అది మొదలైందే ఆయన ఉత్తరంతో. 1858 జూలై 10న పత్రికలో అచ్చైంది. చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు మొద్దుబారిపోకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకుందాం, కాదంటే తుపాకీ గురి క్లబ్ అయినా పెట్టుకుందాం అన్నాడు. ఆదివాసీ ఆటని బతికించాలని పుట్టిన క్లబ్ కాదమ్మా ఇది, క్రికెట్‌కి కసరత్తుగా పుట్టింది.

వసుధ: ఎందుకు పెట్టారన్నది వేరు, ఎలా ఆడారన్నది వేరు. విలియం థామస్ అని, 1840ల్లో ఈ చుట్టుపక్కల ఆదివాసుల సంరక్షకాధికారిగా ఉండేవాడు. మార్న్‌గ్రూక్ ఎలా ఆడేవారో కళ్ళారా చూసి చెప్పాడు. పోసమ్ అనే చిన్న జంతువు తోలుతో బంతి. దాన్ని విసరరు, చేతిలోంచి జారవిడిచి కాలితో తంతారు. పట్టుకోవడానికి ఐదడుగుల ఎత్తు ఎగిరేవాళ్ళున్నారట. ఎవరికి దొరికితే వాళ్ళు మళ్ళీ తన్నాలి. ఈ సాయంత్రం లోపలికెళ్ళి చూడండి, కళ్ళముందు అదే జరుగుతుంది!

మావయ్య: ఈ సాయంత్రం జరుగుతుంది, నిజమే. 1859లో జరిగిందా? అలా ఎగిరి పట్టడం ఈ ఆటలోకి వచ్చింది రెండు మూడు దశాబ్దాల తర్వాత. అప్పటి నియమంలో ఉన్నది ఇంతే: కాలితో తన్నిన బంతిని నేరుగా పట్టుకుంటే ‘మార్క్’ అనొచ్చు, అడ్డులేకుండా ఒక తన్ను దక్కుతుంది. అది ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూల్లో అప్పటికే ఉంది. విల్స్‌ని పద్నాలుగేళ్ళప్పుడు పంపింది ఆ బడికే.

వసుధ: ఆ నియమాల కాగితమే మీకు సర్వస్వం.

మావయ్య: అవును, ఎందుకో చెప్తాను విను. 1859 మే 17న, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పెరేడ్ హోటల్లో కమిటీ కూర్చుంది. హోటల్ నడిపే జెర్రీ బ్రయంట్ కూడా క్రికెటరే. విల్స్‌తో పాటు పత్రికల్లో రాసే హామర్స్‌లీ, థాంప్సన్ ఉన్నారు. స్కాచ్ కాలేజీ పంతులు స్మిత్ ఉన్నాడు. రగ్బీ, ఈటన్, హారో, వించెస్టర్ బడుల నియమాలు ముందేసుకుని, పనికొచ్చింది ఉంచి మిగతాది కొట్టేశారు. మొత్తం పది నియమాలు తేలాయి. కాళ్ళ మీద తన్నుకోవడం కూడదన్నారు. ఇక్కడి నేల గట్టిది, ఆడేవాళ్ళు మర్నాడు పనుల్లోకి పోవాల్సిన పెద్దవాళ్ళు. ఇంకో సంగతి. ఆరోజు విల్స్ అడిగింది రగ్బీ నియమాలు. మిగతావాళ్ళే ఒప్పుకోలేదు. మార్న్‌గ్రూక్ ఒంట్లో ఇంకిన మనిషి రగ్బీని ఎందుకు అడిగాడు? దీనికి జవాబు చెప్పు.

వసుధ: ఆ గదిలో అడగగలిగింది అదే కాబట్టి! కేంబ్రిడ్జిలో చదివొచ్చిన పెద్దమనుషుల ముందు, నల్ల పిల్లల ఆట ఆడదామంటే వింటారా? చిన్నప్పుడు మీరు చెడుగుడు ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారు మావయ్యా? నియమాలు రాయమంటే ఏం రాసేవారు? కానీ కూత పెట్టి అవతలి గీత తొక్కగానే కాళ్ళకి అన్నీ తెలుసు కదా. కలం పట్టినవాళ్ళు ఒక జనం, ఆట ఆడినవాళ్ళు ఇంకో జనం అయినప్పుడు కాగితం ఒక్కటే సాక్ష్యం అనడం న్యాయమేనా? ఇంకోటి వినండి. 1866లో ఈయన పశ్చిమ విక్టోరియా ఆదివాసుల క్రికెట్ జట్టుకి కోచ్ అయ్యాడు. బాక్సింగ్ డే నాడు, అంటే క్రిస్మస్ మర్నాడు, ఇదే ఎంసీజీలో ఆడించాడు. వాళ్ళతో వాళ్ళ భాషలోనే మాట్లాడేవాడు. ఆ పల్లె వదిలి అన్నేళ్ళయినా భాష మర్చిపోని మనిషి బంతిని మర్చిపోతాడా?

మావయ్య: (కాసేపు ఆగి) నువ్వు ఇప్పటిదాకా చెప్పినవాటిలో బలమైనది ఇదే. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ నా అసలు బాధ వేరమ్మా. తెల్లవాళ్ళు ఆదివాసులతో ‘మేం మీ ఆటే ఆడుతున్నాం’ అని చెప్పుకోవడం ఎంత తేలికో చూడు. 1861లో క్వీన్స్‌లాండ్‌లో ఆదివాసుల దాడిలో విల్స్ నాన్నతో సహా 19 మంది చనిపోయారు. దానికి ప్రతీకారంగా తెల్లవాళ్ళు అంతకి ఎన్నో రెట్ల మందిని చంపారు. ఈ పార్కు వురుంజెరి జనం నేల. క్లబ్ పెట్టినప్పుడు వాళ్ళనెవరూ అడగలేదు. ఆ హోటల్ గదిలో వాళ్ళ మనిషి ఒక్కడూ లేడు. ఆ లోటుని అందమైన కథతో పూడుస్తున్నారేమోనని నా భయం.

వసుధ: పూడ్చడానికి కాదు, వినడానికి. 2008లో ఆటకి నూట యాభై ఏళ్ళు నిండినప్పుడు వేసిన అధికారిక పుస్తకంలో, జిలియన్ హిబ్బిన్స్ అనే చరిత్రకారిణి ఈ మార్న్‌గ్రూక్ సంబంధమంతా మనసుని లాగే కట్టుకథ అని రాసింది. ఆదివాసీ ఆటగాళ్ళకి అది ఎంత గుచ్చుకుని ఉంటుంది! 2019కి వచ్చేసరికి ఫుటీని నడిపే లీగ్ మాట మార్చుకుంది, మార్న్‌గ్రూక్‌ని ఈ ఆట చరిత్రలో భాగంగా ఒప్పుకుంది. వాళ్ళ ఇళ్ళల్లో తరతరాలుగా చెప్పుకుంటున్న మాటకి అంత విలువైనా ఇవ్వకూడదా?

మావయ్య: విలువ ఇవ్వాలి. అయితే రుజువైన సంగతిగా కాదు, వాళ్ళ మాటగా రాయాలి. రెండూ కలిపేస్తే రేపు ఎవడో లేచి ఆధారం లేదంటాడు, దాంతో పాటు వాళ్ళ మాటా కొట్టుకుపోతుంది.

వసుధ: అయితే నాతో రండి, ఒకటి చూపిస్తాను.

(పార్కులోనే ఉన్న ఓ పాత రెడ్ గమ్ చెట్టు దగ్గర ఆగుతారు. కాండం మీద నిలువునా పొడుగాటి గాటు. ఒకప్పుడు ఆదివాసులు ఆ మేర బెరడు ఒలిచి తీసుకున్నారు. చుట్టూ బెరడు లావుగా పెదవిలా ముడుచుకుని పెరిగింది. మధ్యలో బూడిదరంగు చెక్క, ఎండకి పగుళ్ళు తీసి ఉంది.)

మావయ్య: ఇది ఎప్పటిది?

వసుధ: క్లబ్ కంటే ముందుది. క్రికెట్ క్లబ్ వాళ్ళు తమ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడనిచ్చేవారు కాదు, పచ్చిక పాడవుతుందని. అందుకే ఆటంతా ఇలా బయట, చెట్ల మధ్యే సాగేది. బంతి కోసం చెట్లు తప్పించుకుంటూ పరిగెత్తేవాళ్ళు.

మావయ్య: అంటే ఈ చెట్టు పక్కనుంచి కూడా పరిగెత్తే ఉంటారు. ఈ గాటు చూసే ఉంటారు.

వసుధ: ఎవరూ రాయలేదు మావయ్యా.

మావయ్య: రాయలేదు. అయినా చూసే ఉంటారు.