సవరణ: లంకల పిల్లల డాక్టరుగారు, ఓఆర్ఎస్ లెక్క

మా కోనసీమ పిల్లల డాక్టరుగారి మీద మొన్న పెట్టిన పోస్టులో, గోదావరి వరదలప్పుడు ఆయన పడవెక్కి లంక గ్రామాలకు వెళ్లి, "ఓఆర్ఎస్ ప్యాకెట్టు గ్లాసు నీళ్లలో కలిపి పట్టండి" అని తల్లులకు చెప్పేవారని రాశాను. తప్పు రాశాను. నిన్న ఆయనే ఫోన్ చేశారు, కాస్త గట్టిగానే.

పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లకు. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. నేను ఆ రెండూ కలిపేశాను. పెద్దది గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై, విరేచనాలతో నీరసించిన బిడ్డకు మేలు బదులు కీడే. ఎంత నీళ్లో ప్యాకెట్టు మీదే ఉంటుంది, చదివి కలపండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

జింకు బిళ్లలు విరేచనాలు కట్టగానే ఆపేయవచ్చన్నదీ నా పొరపాటే. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 14 రోజులు వేయాలి: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10.

ఇంకొకటి. ఆయన సేవ 1977 ఉప్పెనతో మొదలైందన్నాను. అది కృష్ణా డెల్టాలోని దివిసీమను ముంచింది. ఈయన తొలి వైద్య శిబిరం 1996 నవంబరు తుపానుకి, కోనసీమలో కొబ్బరితోటలు నేలకూలినప్పుడు. అప్పటికి పిల్లల వైద్యంలో పీజీ ముగించి కొద్ది నెలలేనట.

పాత పోస్టు దిద్దాను. వాట్సాప్‌లో పంపినవాళ్లు ఇదీ పంపండి, ముఖ్యంగా ఆ లీటరు సంగతి.