కాలు పడితే పేలేది, కంట పడితే కాల్చేది

మీట నొక్కే మనిషి లేకుండానే చంపే ఆయుధం ములుగు జిల్లా అటవీ గ్రామాలకు కొత్త కాదు. తన మీద పడిన కాలు పోలీసుదా, కట్టెలకు వెళ్లిన గిరిజనుడిదా అని ప్రెషర్ బాంబు చూడదు. 2025 మేలో కర్రెగుట్టల్లో మావోయిస్టుల కోసం కూంబింగ్ సాగుతున్న రోజుల్లోనే వాజేడు అడవుల్లో మందుపాతర పేలి ముగ్గురు తెలంగాణ పోలీసులు చనిపోయారు. ఇలాంటి చోట మనిషి కంటే ముందు యంత్రం నడవాలనడంలో రెండో మాట లేదు. అనుమానాస్పద వస్తువును ఎక్స్‌రే తీసి, నీటి ధారతో బాంబును నిర్వీర్యం చేసే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రోబో ‘దక్ష్’ అందుకు తయారైందే. ఆ చక్రాల బండి గుట్టలెక్కగలదా అన్నది వేరే సంగతి.

చిక్కంతా కాల్చే నిర్ణయం దగ్గర ఉంది. యుక్రెయిన్ యుద్ధంలో జామర్లు సిగ్నల్‌ను తెంచేస్తుండటంతో, చివరి దశలో లక్ష్యాన్ని తనంతట తానే వెంటాడే సాఫ్ట్‌వేర్‌ను డ్రోన్లలో పెట్టసాగారు. మనిషిని తప్పించాలని ఎవరూ తీర్మానం చేయలేదు, అవసరమే ఆ పని చేసింది. ఇదే డ్రోన్ మన అడవి మీద ఎగిరితే? తెల్లవారకముందే తునికాకు కోతకు బయల్దేరిన కూలీ థర్మల్ కెమెరాకు ఆకుల సందుల్లోంచి కనిపించే ఒంటి వేడి మాత్రమే. భుజాన ఉన్నది కర్రో తుపాకో తేలడం కష్టం. యంత్రం దాన్ని శాతాల్లో అంచనా కడితే, తెర ముందున్న ఆపరేటరుకు కాదనడానికి ఆధారమూ ఉండదు, వ్యవధీ ఉండదు. 2003లో ఇరాక్ యుద్ధంలో అమెరికా పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ బ్రిటన్ టోర్నడో యుద్ధ విమానాన్ని శత్రు క్షిపణిగా పొరబడి కూల్చినప్పుడు కూడా సిబ్బంది అక్కడే ఉన్నారు. విమానంలోని ఇద్దరూ చనిపోయారు.

మనిషి ప్రమేయం లేని మారణాయుధాలపై 2023 డిసెంబరులో ఐరాస సర్వసభ్య సభ చేసిన తీర్మానాన్ని 152 దేశాలు బలపరిస్తే, వ్యతిరేకించిన నాలుగింటిలో భారత్ ఒకటి. ఈ చర్చ జెనీవాలోని సంప్రదాయ ఆయుధాల ఒప్పందం వేదికపైనే జరగాలన్నది మన వాదన. రెండు వైపులా ఉద్రిక్త సరిహద్దులున్న దేశం ముందుగానే తన చేతులు కట్టేసుకోననడం అర్థమయ్యేదే. కానీ ఏకాభిప్రాయంతోనే నడిచే జెనీవాలో ఒక్క దేశం అడ్డుపడినా అడుగు ముందుకు పడదు కనుక, అక్కడ తేలేదాకా కాచుకోనక్కర్లేకుండా మన టెండర్లలోనే షరతులు పెట్టుకోవచ్చు. సిగ్నల్ తెగితే డ్రోన్ దాడి మానుకోవాలి, ప్రతి దాడికీ అనుమతించిన అధికారి పేరు నమోదు కావాలి. గుర్తింపు పరీక్షలను ఎడారి మైదానాలతో సరిపెట్టకుండా దట్టమైన అడవుల్లోనూ జరపాలి. ఆ పరీక్షలను డ్రోన్లు అమ్మే కంపెనీకి కాక వరంగల్ ఎన్‌ఐటీ వంటి సంస్థలకు అప్పగించాలి.