పేరు పెట్టి పిలవని స్నేహం

శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో మా నాయనమ్మకు ఒక నేస్తం ఉండేది. స్నేహితురాలు ఉండేదని మాత్రమే చెబితే ఆ మాటకు న్యాయం జరగదు. చిన్నతనంలోనే పెద్దల ఎదుట ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. ఆనాటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. కులాలు వేరైనా ఒకరి ఇంట్లో పెళ్లి జరిగితే రెండో ఇంటి నుంచి చీర, పసుపు, కుంకుమ వచ్చేవి. వీధి మొదట్లో నిలబడి నాయనమ్మ ‘ఓ నేస్తం’ అని కేక వేస్తే ఆ పిలుపు ఎవరి కోసమో వీధి వీధంతటికీ తెలిసేది. ఆమె అసలు పేరు నేను మొదటిసారి చూసింది ఆమె పెద్దకర్మ కార్డు మీద.

ఇప్పుడు అదే వీధిలో మగపిల్లలందరూ ఒకరికొకరు ‘బ్రో’. అది ఇంగ్లీషు మాట కావడం నా అభ్యంతరం కాదు. తెలంగాణలో ప్రాణంగా వాడుకునే ‘దోస్త్’ పారసీ నుంచి వచ్చింది, ‘సోపతి’ ఉర్దూ ‘సోహబత్’ నుంచి వచ్చింది. రెండూ మన నోళ్లలో నలిగి మనవే అయ్యాయి, సోపతిగాడు అన్న తరువాత ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎవరూ అడగరు. నా బాధ వేరే. సరుకు తెచ్చిచ్చిన అబ్బాయికీ, బస్సులో పక్క సీటు వ్యక్తికీ, ఒకటో తరగతి నుంచి కలిసి పెరిగినవాడికీ ఒకే పిలుపు చెల్లిపోతే, ఆ పిలుపులో చిన్ననాటి స్నేహితుడికంటూ మిగిలేది ఏమిటి?

మన పాత పిలుపుల్లో ఒక లెక్క ఉంది. స్నేహితుణ్ణి ‘బావా’ అనీ ‘మావా’ అనీ పిలవడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. మన బంధుత్వాల్లో మేనరికపు వరసకు పరిహాసం ఆడే హక్కు ఉంటుంది, అన్న వరసలో గౌరవం ముందు నిలుస్తుంది. కాబట్టి రక్తసంబంధం లేనివాణ్ణి బావా అన్నామంటే, నిన్ను ఎగతాళి చేస్తాను, నువ్వూ నన్ను చెయ్యి, ఇద్దరమూ నొచ్చుకోవద్దు అని ఒప్పందం రాసుకున్నట్టే. అనంతపురంలో ‘ఏమప్పా’, కర్నూలులో ‘ఏమబ్బా’, హైదరాబాదులో ‘కాకా’, మా వైపు ‘ఏటి బావూ’ అన్నప్పుడు కూడా ఎంత చనువు, ఎంత మర్యాద అన్నది ఆ ఒక్క మాటలోనే తేలిపోతుంది. ఆడవాళ్ల పిలుపులు మరీ సూక్ష్మమైనవి. ఏ వరసా లేని ఇరుగుపొరుగు ఇద్దరు ‘వదినా’ అనుకోవడం మొదలుపెడితే అక్కడ ఒక స్నేహం మొదలైనట్టు. ‘ఏమే’, ‘ఒసే’ దాకా వచ్చారంటే ఇక వాళ్ల మధ్య దాపరికం లేదు.

ఈ పిలుపులను నేను కళ్లు మూసుకుని పొగడటం లేదు. ఇద్దరు స్నేహితుల మధ్య ప్రేమ అయిన ‘ఏరా’, ఇరవై ఏళ్ల భూస్వామి కొడుకు నోట అరవై ఏళ్ల పాలేరు మీద పడినప్పుడు పచ్చి అవమానం. ఆ అవమానాన్ని మా ఊళ్లో నేను చెవులారా విన్నాను. తిరిగి ‘ఏరా’ అనగలిగినవాడినే ‘ఏరా’ అనాలి. అలా అనలేని మనిషిని అన్న ప్రతి ‘ఏరా’ పోవలసిందే, దాని కోసం నేను ఒక్క కన్నీటి బొట్టు కూడా రాల్చను.

పోకూడనివి మాత్రం సిగ్గు వల్ల పోతున్నాయి. మా యాసను, మా పిలుపులను సినిమాల్లో ఏళ్ల తరబడి నవ్వించడానికే వాడుకున్నారు. కాలేజీ హాస్టల్లో చేరిన మొదటి వారంలో నేను ‘ఓరి గుంటడా’ (మా వైపు గుంటడంటే కుర్రాడు) అన్నందుకు గదంతా నవ్వింది; ఆ తరువాత నాలుగేళ్లూ ఆ మాట నా నోటి నుంచి రాలేదు. వాడుక భాష కోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రెండు రోజుల్లోనైనా వేదికల మీద గ్రాంథిక ఉపన్యాసాలు తగ్గించి, పిల్లల చేత తమ ఊరి పిలుపులు చెప్పించాలని నా కోరిక.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయపు మాటలను ప్రాంతాల వారీగా సేకరించింది. ఒక్క నాగలికే ఎన్ని భాగాలో, ఏ భాగాన్ని ఎక్కడ ఏమంటారో అలా నమోదైంది. పిలుపులకు కూడా అంత శ్రద్ధ దక్కాలి. అయితే పిలుపును మాటగా రాసుకుంటే సరిపోదు. ఎవరు, ఎవరిని, ఏ వయసులో, ఎవరి ఎదుట అలా పిలవవచ్చో కూడా రాయాలి. నేను మా ఊరివి ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ పండక్కి వెళ్లినప్పుడు అడగండి, వాళ్లు తమ జతగాళ్లను ఏమని పిలిచేవారో, ఆ పిలుపు ఇప్పుడు ఎవరి నోట వింటున్నారో.