మహారాజశ్రీ డైపర్ బ్యాగు గారి దివ్య సముఖమునకు

నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమమని మొదలుపెట్టడం లేఖా మర్యాద. కానీ నిన్న టీకా వేయించడానికి వెళ్లిన చోట తమరి సమక్షంలోనే జరిగిన సంఘటన తరువాత నా చొక్కా క్షేమంగా లేదు, మా ఆవిడ బట్టలు క్షేమంగా లేవు, పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఒళ్లోని ఫైలు ఏ స్థితిలో ఉందో అడిగే ధైర్యం మాకు లేకపోయింది. ఏం జరిగిందో పిల్లలున్న వాళ్లకు చెప్పనక్కరలేదు, లేని వాళ్లకు చెప్పినా నమ్మరు. డైపర్ నడుము దగ్గర కాస్త వదులైతే అందులోనిది కిందికే పోవాలన్న నియమం ఏదీ లేదనీ, వీపు మీదుగా మెడ దాకా కూడా ప్రయాణించగలదనీ మాత్రం మనవి చేసి, అసలు విషయానికి వస్తాను.

అసలు విషయం తమరి జిప్పు.

ఎత్తైన చోట పడుకోబెట్టిన బిడ్డ మీద నుంచి ఒక చెయ్యి ఎప్పుడూ తీయవద్దని పిల్లల వైద్యులు మొదటి రోజుల నుంచీ హెచ్చరిస్తూనే ఉంటారు. నాలుగైదు నెలల వయసులో బిడ్డలు బోర్లా పడడం నేర్చుకుంటారు, ఎప్పుడు పడతారో ముందుగా చెప్పరు కాబట్టి ఆ హెచ్చరికలో అతిశయోక్తి ఏమీ లేదు. అందువల్ల డైపర్ మార్చే మనిషికి, అతడు ఎంతటి ప్రయోజకుడైనా సరే, ఉన్నది ఒక్కటే చెయ్యి. ఎడమ చేతి వేళ్ల మధ్య పాప చీలమండలు రెండింటినీ కలిపి పట్టుకుని, నడుమును కాస్త పైకెత్తి ఉంచితే కుడి చెయ్యి మిగులుతుంది. ఆ కుడి చెయ్యి అప్పటికే జేబురుమాలుతో ఒకసారి తుడిచింది కనుక దాని శుభ్రత గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ చేత్తో నేను తమరి జిప్పు తీయాలి.

జిప్పు అన్నది ఒక చేత్తో గుడ్డను బిగించి పట్టుకుని రెండో చేత్తో లాగితే తెరుచుకునే వస్తువు. గుడ్డను పట్టుకునే చెయ్యి లేనప్పుడు, లాగిన కొద్దీ సంచి మొత్తం లాగిన వైపే వస్తుంది. నిన్న తమరు అక్షరాలా అలాగే వచ్చారు. నేను జిప్పు లాగాను, తమరు జిప్పుతో సహా బల్ల అంచు దాకా నడిచి వచ్చి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించి, నేల మీద పడ్డారు. వంగి తీద్దామంటే పాప మీద చెయ్యి వదలాలి. పిలుద్దామంటే మా ఆవిడ, టోకెను నంబరు దాటిపోతుందేమోనని బయటి గదిలో నిలబడి ఉంది. చెప్పు విడిచి, కాలి బొటనవేలితో తమరి పట్టీని అందుకుని, మోకాలి మీదుగా పైకి లాక్కున్నాను. ఈ విద్యను నాకు ఎవరూ నేర్పలేదు.

పైకి వచ్చాక కూడా తమరు తెరుచుకోలేదు. సగం దూరం వెళ్లిన జిప్పు పళ్లలో లోపలి అస్తరు గుడ్డ అంచు ఇరుక్కుంది. ఇరుక్కున్న జిప్పును వెనక్కి లాగడానికీ రెండు చేతులే కావాలి. చివరికి పళ్లతో కొరికి పట్టుకుని లాగాను. తమరిని తీర్చిదిద్దిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు గానీ, ఆయన తమరిని ఖాళీ బల్ల మీద పెట్టుకుని, రెండు చేతులతో, నిదానంగా, ఏడుపు వినిపించని గదిలో తెరిచి చూసుకుని తృప్తి పడ్డారని మాత్రం చెప్పగలను.

లోపల తమరి అసలు వైభవం మొదలవుతుంది. కానుకగా వచ్చిన నాడు తమరి మెడలో వేలాడిన చీటీ మీద అరల సంఖ్య పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంది, దాన్ని చూసి ఇంటిల్లిపాదీ ఆహా అన్నారు. అరలు ఎక్కువైన కొద్దీ దాచడం సులువవుతుందే తప్ప వెతకడం సులువు కాదన్న సంగతి చీటీలో లేదు. అన్నీ ఒకే రంగు, ఒకే లోతు, ఒకే గుడ్డ, తడిమి చూస్తే ఏదీ తేడాగా తగలదు. తుడవడానికి వాడే తడి వైప్స్ కోసం చెయ్యి పెట్టిన మొదటి అరలో జంట లేని మేజోడు దొరికింది. రెండో దానిలో గోళ్లు కత్తిరించే కత్తెర దొరికింది. బయటికి వెళ్లిన చోట బిడ్డకు గోళ్లు కత్తిరించే దంపతులు ఈ లోకంలో ఎవరైనా ఉంటే వారికి నా నమస్కారాలు. మూడో దానిలో ఖాళీ గ్రైప్ వాటర్ సీసా. వైప్స్ దొరికిన చోటు, బయటి వైపు, వైప్స్ కోసమనే ప్రత్యేకంగా చీలిక పెట్టి కుట్టిన అర. ఆ చీలికలోంచి ఒకటి లాగితే ఒకటే రావాలన్నది తమరి వాగ్దానం. నిజానికి మూత సరిగ్గా పడని ప్యాకెట్టు ఆ చీలిక కింద ఎండిపోయి, పైనున్నవన్నీ కాగితాల కట్టగా మారి ఉన్నాయి. పొడి వైప్సుతో మలాన్ని తుడవడమంటే దాన్ని సమానంగా పంచిపెట్టడమే.

పిల్లల డైపర్ మార్చే బల్ల మగవాళ్ల మరుగుదొడ్ల వైపు లేకపోవడం తమరి తప్పు కాదు. దాని గురించి భవనాల యజమానులకు వేరే లేఖ రాస్తున్నాను.

తమరి లేత గోధుమ రంగు గురించి ఏమీ అనను, రంగును చూస్తేనే తెలుస్తుంది. స్ట్రాలరు పిడికి తగిలించుకునే కొక్కేల గురించి ఒక్క మాట. పిడికి బరువు వేలాడదీస్తే బండి వెనక్కి తిరగబడుతుందని స్ట్రాలర్ల తయారీదారులు తమ పుస్తకాల్లో హెచ్చరిస్తూ ఉంటారు. ఆ హెచ్చరిక ఒక పెట్టెలో, తమరి కొక్కేలు ఇంకో పెట్టెలో, రెండూ ఒకే ఇంటికి వస్తాయి. ఇక చల్లదనం, వేడి నిలిపే సీసా అర. పిండిన తల్లిపాలు 25 డిగ్రీల గదిలోనైనా 4 గంటలు నిలుస్తాయి. ఇన్సులేటెడ్ సంచిలో గడ్డకట్టిన ఐస్ ప్యాకుల మధ్య పెడితే 24 గంటలు నిలుస్తాయి. ఆ 24 గంటల గొప్పతనంలో ఐస్ ప్యాకులదే సింహభాగం, వాటిని తమరు ఇవ్వరు. డబ్బా పాలను కలిపిన 2 గంటల్లోపు పట్టేయాలి, బిడ్డ తాగడం మొదలుపెట్టాక గంట దాటితే మిగిలినవి పారబోయాలి. వాటిని గోరువెచ్చగా దాచిపెట్టే అర సూక్ష్మక్రిములకు చేసే ఉపకారమే తప్ప బిడ్డకు కాదు. పొడిని కొలిచి చిన్న డబ్బాలో, మరిగించిన నీళ్లను ఫ్లాస్కులో తీసుకెళ్లి అప్పటికప్పుడు కలుపుకుని, చల్లార్చి పట్టేవాళ్లకు తమరి అరతో పనే లేదు.

వీటన్నిటినీ క్షమించేవాణ్నే. కానీ తుడవడం ఎలాగో పూర్తయి, పాప చలికి వణుకుతుండగా, నేను తమరి అడుగున భద్రంగా మడతపెట్టి ఉన్న అదనపు గౌను తీశాను. అది పాప భుజాలు కూడా దాటలేదు.

ఇక తమరు, గారు అనడం నా వల్ల కాదు. నీకు నేను ఇవ్వగలిగిన మర్యాద అయిపోయింది. ఆ గౌను అప్పుడే పుట్టిన బిడ్డది! దాన్ని నీలో పెట్టిన నాటి నుంచి నువ్వు తలుపు పక్కన, గుమ్మం దాటడానికి సర్వసన్నద్ధంగా ఉన్నానన్న ముఖంతో వేలాడుతున్నావు. బిడ్డలు ఐదు నెలల ప్రాంతంలో పుట్టినప్పటి బరువుకు రెట్టింపవుతారు. డైపర్ల కొలతలు బరువును బట్టి మారతాయి, బట్టలు పొడవును బట్టి మారతాయి, మారనిది నువ్వొక్కదానివే. నీలో మిగిలిన రెండు డైపర్లూ చిన్న సైజువే. వాటిలో ఒకదాని అంటుపట్టీలను సాగదీసి, లాగి, చాలక ఒకదాన్ని చింపి, చివరికి పాపకు మా ఆవిడ చున్నీ చుట్టి టీకా వేయించుకుని వచ్చాం. నర్సమ్మ తొడ మీది చున్నీ పక్కకు జరిపి సూది గుచ్చి, మమ్మల్ని చూసిన చూపు ఉంది చూశావూ, దాన్ని కూడా నీ అరల్లో ఒకదానిలో దాచుకో, ఖాళీలు బోలెడు ఉన్నాయి.

సిద్ధంగా ఉండడం అన్నది నువ్వు అమ్ముడుపోయే మాట. సిద్ధంగా ఉండేది సంచి కాదు, ఇంటికి తిరిగి రాగానే వాడినవాటి స్థానంలో కొత్తవి పెట్టే మనిషి. ఆ మనిషి ఉన్న ఇంట్లో కూరగాయల సంచి అయినా చాలు, లేని ఇంట్లో నీలాంటివి నాలుగున్నా దండగే. పైగా నువ్వు నిండుగా కనిపిస్తావు కాబట్టి ఎవరూ తెరిచి చూడరు. ఖాళీ సంచి కనీసం ఖాళీ అని చెబుతుంది.

పోనీ, మోయవలసినది అంత ఉందా అని కూర్చుని లెక్క చూశాను. రోజుల బిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు డైపర్లు కావచ్చు గానీ, రోజంతా ఎవరూ వీధిలో ఉండరు. బయట గడిపే రెండు గంటలకు ఒకటి చొప్పున, పైన ఒకటి రెండు. ఒక వైప్స్ ప్యాకెట్టు. ఒంటికి పట్టే ఒక జత బట్టలు. కింద పరవడానికి మడతపడే మ్యాట్. మాసినవి కట్టడానికి నీరు కారని ఒక సంచి. ఎవరికీ గుర్తుండనిదీ, అన్నిటికన్నా ముఖ్యమైనదీ, ఎత్తుకున్న వాళ్లకు ఒక చొక్కా. పాలిచ్చే తల్లి వెంట ఉంటే సీసాల బరువు కూడా లేదు. 1980లలో డైపర్లలోకి సోడియం పాలియాక్రిలేట్ అనే, తడిని పీల్చుకుని జిగురుగా ఉబ్బే పొడి వచ్చిన తరువాత డైపర్లు పల్చబడ్డాయి. మోయవలసినవి చిక్కిపోతుంటే మోసే నువ్వు మాత్రం అరలు వేసుకుంటూ లావెక్కావు. ఇవన్నీ ఆఫీసుకు మోసుకెళ్లే మామూలు బ్యాగులో సగం కూడా నింపవు.

కవలలున్న వాళ్లు నీకు మొక్కుకుంటే నాకు అభ్యంతరం లేదు. గుడ్డ డైపర్లు వాడేవాళ్లు తడిసినవాటిని ఇంటిదాకా తెచ్చుకోవాలి, వాళ్లకూ చోటు కావాలి. పగలంతా ప్రయాణం చేసేవాళ్లూ అంతే. మిగిలినవాళ్లు, ముఖ్యంగా ఇంకా బిడ్డ పుట్టకముందే కొనవలసిన వస్తువుల పట్టిక రాసుకుంటున్నవాళ్లు, నీ పేరును పట్టిక చివరికి తోసి, బిడ్డ పుట్టిన కొన్నాళ్ల తరువాత మళ్లీ చూసుకోవచ్చు. అంతదాకా ఇంట్లో ఉన్న సంచితో గడవకపోదు. కొనక తప్పదనుకుంటే దుకాణంలోనే ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని తెరిచి చూడాలి. అలా తెరుచుకోని సంచిని, దానికి ఎన్ని అరలున్నా సరే, అక్కడే వదిలేయాలి.

నీ పక్షాన చెప్పవలసిన మాట ఒకటి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. పాప వస్తువులన్నీ మా ఆవిడ చేతిసంచిలో ఉన్న రోజుల్లో, పాపను తీసుకుని నేనొక్కణ్నే బయటికి వెళ్లడం అన్న ఆలోచనే మా ఇంట్లో ఎవరికీ రాలేదు, నాకు అసలే రాలేదు. వస్తువులు ఎవరి సంచిలో ఉంటే బిడ్డ పని వాళ్లది. నువ్వు వచ్చి గుమ్మం పక్కన, ఎవరిదీ కాకుండా వేలాడడం మొదలుపెట్టాక, నిన్ను భుజాన వేసుకుని పాపను ఎత్తుకుని వెళ్లిపోవడానికి నాకు ఎవరి సంచీ వెతకవలసిన అవసరం లేకపోయింది. ఏది ఎక్కడుందని ఫోను చేసి అడగవలసి వచ్చేదనుకో, అది వేరు. ఆ ఒక్క ఉపకారానికీ నీ మీద నాకు కొంత అభిమానం ఉంది, జిప్పును తలచుకున్నప్పుడు తప్ప.

అయితే ఆ ఉపకారానికి కావలసింది ఇద్దరికీ ఉమ్మడిగా ఉండే ఒక చోటు, నువ్వే కానక్కరలేదు. కాబట్టి మా దంపతుల ఉమ్మడి నిర్ణయం ఇలా ఉంది. ఈ రోజు నుంచి డైపర్లు, వైప్స్, బట్టలు ఒక పారదర్శకమైన చిన్న సంచిలోకి మారాయి. దానిలో ఏముందో, ఏమి లేదో గది అవతల నుంచి కూడా కనిపిస్తుంది. అది ఎవరు వెళితే వాళ్ల బ్యాగులోకి, నోరు వెడల్పుగా ఉండి జిప్పన్నదే లేని బ్యాగులోకి, వెళుతుంది. ఇంటికి రాగానే దాన్ని నింపవలసింది చివరగా వాడినవాళ్లు. ఈ నిబంధన మీద ఇంట్లో అప్పుడే ఒక వివాదం నడుస్తోంది, అది నీకు అనవసరం. నిన్ను అటక మీదికి బదిలీ చేయడమైనది. పాపకు చిన్నవైపోయిన బట్టలు నీలో ఉంటాయి, నిన్నటి గౌనుతో సహా. వాటిని ఎవరూ హడావిడిగా వెతకరు కాబట్టి నీ అరలన్నీ అక్కడ సార్థకమవుతాయి.

ఇట్లు,
తమరి మాజీ వాహకుడు

తా.క.: నీతో పాటు వచ్చిన మడత మ్యాట్ మా దగ్గరే ఉంటుంది. అది మంచిది. దానికి జిప్పు లేదు.