అవగాహన ఒప్పందం గారికి, పలాస నుంచి

మహారాజశ్రీ అవగాహన ఒప్పందం గారికి,

పలాసలో జీడిపిక్కలు ఉడికించి, కొట్టించి, పప్పు అమ్ముకునే ఒక చిన్న వ్యాపారి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం పేపర్లో ఫొటో చూసి తెలుసుకున్నాం.

ఎడం పక్క ఆఫీసరు, కుడి పక్క కంపెనీ ఆయన, మధ్యలో తోలు అట్టలో తమరు, అంటే పెట్టుబడి పెడతామని కంపెనీ, సాయం చేస్తామని సర్కారు రాసుకునే ఎంఓయూ కాగితం. ఇద్దరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. లోపల ఏం రాసి ఉందో చదువుతున్నవాడు మాత్రం ఫొటోలో ఒక్కడూ లేడు. మా అప్ప కూడా ఆ పేపరు చూసి, "ఏటి బాబూ, పెళ్లి కార్డా?" అంది.

"కాదప్పా, తాంబూలాలు పుచ్చుకుంటన్నారు."

"మరి కట్నం ఎవలిస్తన్నారు?"

దానికి జవాబు చెప్పడం నాకు కొంచెం కష్టమైంది. భూమి మనది, నీళ్లు మనవి, కరెంటు రాయితీ మన డబ్బు. ఆడపిల్ల తరఫు వాళ్లం మనమే అని చెబితే, "మరి మనకి భోజనాలకైనా పిలుపు లేదేటి?" అంది.

2023 మార్చిలో విశాఖలో పెట్టుబడుల సదస్సు జరిగితే తమరు 352 మంది ఒకేసారి పుట్టారు. వచ్చే పెట్టుబడులు మొత్తం 13 లక్షల కోట్ల పైమాటే అన్నారు. తర్వాత ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీల మీద బొమ్మలు మారాయి. 2025 నవంబరులో అదే విశాఖలో మళ్లీ సదస్సు జరిగితే, ఈసారీ 13 లక్షల కోట్ల పైమాటే. పార్టీలు దేనికీ ఒప్పుకోవు గానీ, తమరి నడుం కొలత దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకటే టేపు.

తమరి పేరు మీద కూడా ఒక సందేహం. ఆ రెండో సదస్సుని ప్రభుత్వంతో కలిసి నడిపింది సీఐఐ, అంటే పరిశ్రమల యజమానుల సంఘం. రాయితీలు అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ కలిసి పందిరి వేసి, కలిసి భోంచేసి, ఆ తర్వాత ఒకరికొకరు కొత్తగా పరిచయం అయినట్టు తమరి మీద సంతకాలు పెడతారు. వాళ్ల మధ్య అవగాహన ముందునుంచీ ఉన్నదే కదా. తమరిని రాసేది మాకు అవగాహన కలగడానికి కాబోలు.

ఇంకొకటి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే, నష్టపోయే కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. అదే ప్రభుత్వం భాగస్వామిగా పక్కన నిలబడితే 70 శాతం చాలు. ఆ నిలబడడం ఖరీదు పది శాతం అన్నమాట. మా ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్య కూడా అంత కమీషన్ అడగడు.

కానీ ఒక విషయంలో నాకు నవ్వు రాదు. మా పక్కనే సోంపేట ఉంది. అక్కడి బీల భూముల్ని, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలల్ని, సర్కారు థర్మల్ ప్లాంటుకి ఇచ్చింది. కాగితం మీద అది పనికిరాని నేల. చేపలు పట్టేవాళ్లనీ, పశువులు మేపేవాళ్లనీ, ఆ నీటితో వరి పండించేవాళ్లనీ అడిగితే వేరే లెక్క చెప్పేవారు. 2010 జూలై 14న వాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అదే రోజు! తమరి బంధువర్గంలో ఆ కాగితం ఎవరికి ఏమవుతుందో తమరికే తెలియాలి.

సరే, ఇక నా గొడవ. నాకు రెండో బాయిలరు, చిన్న షెడ్డు, పదిమంది ఆడవాళ్లకి పని కావాలి. అంతకు మించి ఏమీ లేదు. సింగిల్ డెస్క్‌లో, అంటే అన్ని శాఖల అనుమతులూ ఒకేచోట, 21 రోజుల్లో ఇస్తామన్నారు కదా అని ఒక ఆఫీసుకి వెళ్లాను. పేరు చెప్పను, అక్కడికి మళ్లీ వెళ్లాలి. 21 రోజులు ఎప్పట్నుంచి లెక్క అని అడిగితే, "కాగితాలన్నీ పూర్తయిన రోజు నుంచి" అన్నారు. మొదటిసారి మ్యాపు లేదన్నారు. మ్యాపు తెస్తే కరెంటు లోడు కాగితం అన్నారు. అది తెస్తే మ్యాపు పాతదైపోయింది. ఈలోగా పిక్కల బస్తా ధర మూడుసార్లు మారింది. డెస్కు ఒకటే, నిజమే. దాని వెనక కుర్చీలు ఎన్నో చెప్పలేదు.

తమరికైతే ఏ కాగితమూ అడగరట. పాటించకపోయినా కోర్టుకి ఈడ్చేవాళ్లు ఉండరట. అందుకే ఈ లేఖ. షెడ్డు ఇప్పించమని అడగను, తమరి స్థాయికి అది చాలా చిన్న పని. వచ్చే సదస్సు అయిపోయాక ఆ తోలు అట్టలు గుట్టగా పడి ఉంటాయి కదా, అందులో ఒకటి పంపించండి. తిరిగి తిరిగి నా ఫైలు అట్ట చిరిగిపోయింది. లోపల కాగితాలేమీ పెట్టక్కర్లేదు.

ఇట్లు,
పది శాతం కూడా లేని భాగస్వామి,
పలాస