ఎన్‌ఓసీ గారూ, కుబాలా మీకేం బాకీ?

మహారాజశ్రీ నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ గారి దివ్య సముఖానికి,

నిన్న మధ్యాహ్నం మీ దర్శనానికే వచ్చాను. కారు లోన్ ఆఖరి కంతు కూడా కట్టేశాను కాబట్టి ఇక బయటికొస్తారనుకున్నా. ముందు లంచ్ అన్నారు, తర్వాత మీటింగ్, ఆ తర్వాత సర్వర్ డౌన్, చివరికి "సోమవారం రండి సార్". ఈలోపు ఏం తోచక ఫోన్‌లో పాత ఫుట్‌బాల్ సంగతులు చదువుతుంటే, లాస్లో కుబాలా అనే ఆటగాడి కథలో మళ్లీ మీరే ఎదురయ్యారు. అంటే మీ పొగరు ఇవాళ్టిది కాదన్నమాట.

1949 జనవరిలో, హంగరీ కమ్యూనిస్టుల చేతుల్లోకి పోయాక, సోవియట్ సైనికుడి వేషం వేసుకుని లారీలో సరిహద్దు దాటాడు ఆ కుర్రాడు. వయసు 21. అప్పటికే చెకోస్లొవేకియాకీ, హంగరీకీ ఆడినవాడు. తుపాకులు ఆపలేకపోయాయి గానీ తమరు ఆపేశారు. మా అనుమతి లేదు, క్లబ్బు ఒప్పందం తెగలేదు, సైన్యంలో పనిచేయకుండా ఎగ్గొట్టాడు అని హంగరీ ఫుట్‌బాల్ సంఘం ఫిర్యాదు చేస్తే, ప్రపంచ ఫుట్‌బాల్ పెద్ద ఫిఫా తలూపి ఏడాది నిషేధం వేసింది. నిజమే లెండి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోయేవాడు ముందు క్లబ్ సెక్రటరీ దగ్గరికెళ్లి, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు, జిరాక్సులు జతచేసి, "అయ్యా, రేపు రాత్రి లారీలో పారిపోతున్నాను, సంతకం ఇప్పించండి" అని అర్జీ పెట్టుకోవాల్సింది!

ఇటలీలో ప్రో పాట్రియా అనే క్లబ్బు చేర్చుకుంది గానీ స్నేహపూర్వక మ్యాచ్‌లే దిక్కు. టొరినో జట్టుతో లిస్బన్ వెళ్లి ఆడాల్సినవాడు, కొడుక్కి ఒంట్లో బాగోలేక ఆగిపోయాడంటారు. తిరుగు ప్రయాణంలో ఆ విమానం సుపెర్గా కొండని గుద్దుకుంది. విధి కూడా వదిలేసినవాణ్ణి తమరు మాత్రం వదల్లేదు. చివరికి తనలాంటి శరణార్థులనే పోగేసి 'హంగారియా' అని ఒక జట్టు కట్టుకున్నాడు, కోచ్ అతని భార్య అన్నయ్య ఫెర్డినాండ్ దౌచిక్. 1950లో ఆ జట్టు స్పెయిన్‌లో ఆడుతుంటే చూసి బార్సిలోనా క్లబ్బు అతన్ని ఎగరేసుకుపోయింది. అసలు పోటీల్లో దిగడానికి మాత్రం 1951 దాకా ఆగాల్సొచ్చింది. ఆ మరుసటి సీజన్లో 19 లీగ్ మ్యాచ్‌లకి 26 గోల్స్ కొట్టాడు, అందులో ఒక్క హిహోన్ జట్టు మీదే 7. బెంచీ మీద కూర్చోబెట్టింది ఇలాంటివాణ్ణండీ!

స్పెయిన్ పౌరసత్వం సంగతి వేరే. కమ్యూనిస్టుల నుంచి పారిపోయొచ్చినవాడు అక్కడి నియంత ఫ్రాంకో ప్రచారానికి బాగా పనికొచ్చాడు, అందుకని ఆ కాగితాలు కాళ్లొచ్చినట్టు పరిగెత్తుకొచ్చాయి. పెద్దలకి అవసరమైతే మీరూ పరిగెత్తగలరని అప్పుడే తెలిసింది.

ఇవన్నీ క్షమిస్తాను. 1954 మార్చి 17న రోమ్‌లో జరిగింది మాత్రం క్షమించలేను. ప్రపంచకప్‌కి స్పెయిన్ జట్టు వెళ్లాలా టర్కీ జట్టు వెళ్లాలా తేలాలి. మాడ్రిడ్‌లో 4-1తో స్పెయిన్, ఇస్తాంబుల్‌లో 1-0తో టర్కీ గెలిచాయి, గోల్స్ తేడా లెక్కలోకి రాదు కాబట్టి మూడో మ్యాచ్. సరిగ్గా ఆట మొదలయ్యే ముందు ఫిఫా పేరుతో ఒక టెలిగ్రాం దిగింది, కుబాలా విషయం జాగ్రత్త అని. అతను అప్పటికే స్పెయిన్ తరఫున ఆడుతున్నాడు, అయినా పెద్దమనుషులకి టెన్షన్ పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు. మ్యాచ్ 2-2. కళ్లకి గంతలు కట్టిన ఓ పిల్లాడు చీటీ తీశాడు. టర్కీ వెళ్లింది.

ఒక్క కాగితం ముక్క! ఆడొద్దని తీర్పేమైనా చెప్పిందా? లేదు. ఊరికే అనుమానం పెట్టి చేతులు దులుపుకుంది. అదే కదా నీ పని, ఇంక మర్యాదలెందుకు, నువ్వనే పిలుస్తా. వద్దని చెప్పే ధైర్యం నీకు ఉండదు, సరే అనే మనసూ ఉండదు, "పై నుంచి రావాలి" అంటూ ఎదుటివాడి వయసు కరగదీస్తావు. మూడు దేశాలకి ఆడిన మనిషి ప్రపంచకప్ ప్రధాన పోటీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా పోయాడు, 2002లో చనిపోయాడు. బార్సిలోనా వాళ్లు స్టేడియం బయట అతనికి విగ్రహం పెట్టుకున్నారు. నీకెవడు పెడతాడు? సిగ్గుంటే ఆ రోమ్ టెలిగ్రాం కింద సంతకం ఎవరిదో ముందు చెప్పు.